రెండు ప్రవేశపత్రములు, ఒక తాకట్టు

గడచిన మాసమున నొక ఉదయము తెనాలి ప్రాంతపు రైతు ఒకరు తమ కుమారుని వెంటబెట్టుకొని నా కచేరికి వచ్చిరి. చేతిసంచిలో ఇంటి లింకు దస్తావేజులు, ముప్పది యేండ్ల ఈసీ, పన్ను రసీదులు గలవు. బ్యాంకు హామీ కోరినదట. వారి న్యాయవాదికి చూపుటకు ముందు కాగితములు సరిగా నున్నవో లేవో నన్ను చూచి చెప్పుమనిరి. కుమారుడు ఇంజనీరింగు పట్టభద్రుడు. కంప్యూటరు శాస్త్రమున ఎం.ఎస్. చదువుటకై అమెరికానుండి అతనికి రెండు ప్రవేశపత్రములు వచ్చియున్నవి. ఒకటి న్యూయార్కు నగరమునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునుండి. రెండవది ఇండియానా రాష్ట్రమున వెస్టు లఫయెట్టు అను చిన్నపట్టణమునందలి పర్డ్యూ విశ్వవిద్యాలయమునుండి. "ఏది పెద్దదైతే దానికే పోనీయండి ప్లీడరుగారూ, అప్పు ఎలాగూ తప్పదు గదా!" అని తండ్రి యనెను. కొడుకు తలవంచుకొని చేతిలోని ఫోను వంక చూచుచుండెను.

దస్తావేజుల సంచిని ప్రక్కన బెట్టి, ముందుగా ఆ రెండు ప్రవేశపత్రములను చూపుడంటిని. ఆ పూట మా మధ్య జరిగిన చర్చ ఒక్క కుటుంబమునకు మాత్రమే సంబంధించినది కాదని తోచి పదుగురి యెదుట నుంచుచున్నాను. 2024-25 విద్యాసంవత్సరమున అమెరికాలో నున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. మఱి యే దేశమునుండియు ఇందఱు పోలేదు. అందు తెలుగుబిడ్డల పాలు ఎంత పెద్దదో ఆంధ్ర తెలంగాణములలో ఏ పట్టణపు వీధిలో నిలిచి యడిగినను తెలియును. మాఘ ఫాల్గుణములు వచ్చెనా, పెండ్లిమాటలతోపాటు ఈ మాటయు ఇంటింట వినవచ్చును: ఈ విశ్వవిద్యాలయమా, ఆ విశ్వవిద్యాలయమా? పిల్లకు సంబంధము చూచునపుడు ఏడు తరముల ఆరా తీయు తండ్రులు ఈ సంబంధము విషయమున మాత్రము ఒక పట్టికను, ఒక దళారిని నమ్మి ఊరకుందురు.

పట్టిక యనగా స్థానముల పట్టిక. కొలంబియా 1754లో స్థాపితమైన విద్యాపీఠము. దాని ఘనతను శంకించువాడను గాను. కాని పట్టికల విలువ యెంతయో ఆ విద్యాపీఠపు కథయే చెప్పుచున్నది. 2022 ఫిబ్రవరిలో అచ్చటి గణితశాస్త్రాచార్యుడే ఒకడు, తన విశ్వవిద్యాలయము యు.ఎస్. న్యూస్ పత్రికవారి కిచ్చిన లెక్కలలో కొన్ని సరియైనవి కావని బహిరంగముగా వ్రాసెను. ఆ సెప్టెంబరులో కొలంబియా రెండవ స్థానమునుండి పదునెనిమిదవ స్థానమునకు దిగెను. ఆ ఏడు నెలలలో పాఠములు మాఱినవా? ఆచార్యులు మాఱిరా? గ్రంథాలయమున పుస్తకములు తఱిగిపోయినవా? మాఱినది కాగితముమీది అంకె. మఱుసటి యేడు ఆ విశ్వవిద్యాలయమే ఆ పట్టికనుండి తప్పుకొనెను. అది బి.ఏ. తరగతుల పట్టిక యనియు, ఎం.ఎస్.కు వేఱు పట్టికలు గలవనియు కుర్రవాడు వాదించెను. నిజమే. ఆ పత్రికవారి కంప్యూటరు శాస్త్రపు పట్టిక ఆయా శాఖల పండితుల అభిప్రాయములను అడిగి సగటు కట్టినది. అది పరిశోధనా కీర్తికి గుర్తు గావచ్చును. ఎం.ఎస్. చదివిన పరదేశి విద్యార్థి ఎంత అప్పుతో బయటపడునో దానిలో వెదకినను కనబడదు.

ఇక దళారి. అమీరుపేటలోను, విజయవాడలోను బోర్డులు కట్టిన కన్సల్టెన్సీలలో నీతిపరులు లేరనను. అయితే కొన్ని విశ్వవిద్యాలయములు తల కింత యని రుసుము నిచ్చుచుండగా, దానిని పుచ్చుకొనువాని సలహా ఏ వైపు మొగ్గునో ఊహింపవచ్చును. బావమరిది డల్లాసులో నున్నాడని టెక్సాసు కోరుకొనువారును గలరు. దీనిని నేను ఎగతాళి చేయను. పరదేశమున తొలినెల తలదాచుకొనుటకు చుట్టపుటింటి సోఫా దొరకుట సామాన్యమైన సొమ్ము గాదు. చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి, వీసా వచ్చిన పిమ్మట నూటయెనిమిది చెల్లించుటయు తప్పు గాదు. వడ్డీ పూచీని గూడ ఆ దేవునిమీదనే వేయుట మాత్రము న్యాయము గాదు.

మేము కాగితము దీసి లెక్క వేసితిమి. కొలంబియాలో ఎం.ఎస్. పట్టమునకు రుసుమే 70 వేల డాలర్లను దాటును. 2025 డిసెంబరులో డాలరు వెల 90 రూపాయలను మించినది; 90 చొప్పుననే చూచినను 63 లక్షలు. న్యూయార్కున గదిలో ఒక మూలకు అద్దె, తిండి, ఆరోగ్యపు బీమా, రైలుఖర్చు కలిపి ఏడాదిన్నరకు మఱి 32 లక్షలైన కావలెనని యెంచితిమి. మొత్తము 95 లక్షలు.

పర్డ్యూ 1869లో స్థాపితము. 1862లో లింకను సంతకము చేసిన మొరిల్ చట్టము ప్రభుత్వభూములను రాష్ట్రముల పరము చేసి, ఆ విక్రయధనముతో వ్యవసాయమును యంత్రవిద్యలను సామాన్యుల బిడ్డలకు నేర్పు కళాశాలలు పెట్టుమన్నది. ఆ చట్టము క్రింద వెలసినవానిలో ఇది యొకటి. సామాన్యుల బిడ్డలనగా ఆ రాష్ట్రపు సామాన్యుల బిడ్డలని గ్రహింపవలెను. స్వరాష్ట్ర విద్యార్థికి అచ్చట ఏటి రుసుము పదివేల డాలర్ల లోపు. పరదేశికి దానికి మూడింతలు, 30 వేల పైచిల్లర. మనకు ధర్మము చేయుటకై ఎవరును కూర్చుండలేదు. అయినను మూడు సెమిస్టర్లలో ముగించినచో, చిన్నపట్టణపు జీవనవ్యయముతో గూడ 60 లక్షల చుట్టు తేలినది.

రైతు చేతిలో నున్నది 20 లక్షలు. పొలమును విద్యాఋణమునకు హామీగా బ్యాంకులు సాధారణముగా నంగీకరింపవు; ఇంటిమీద 50 లక్షలవఱకు ఇచ్చునని తేలినది. పర్డ్యూ అయినచో బ్యాంకు అప్పు 40 లక్షలతో సరిపోవును. నూటికి ఏటా 11 చొప్పున వడ్డీ 4 లక్షల 40 వేలు, అనగా నెలకు ఇంచుమించు 37 వేలు. కొలంబియా అయినచో బ్యాంకు 50 లక్షలు ఇచ్చినను ఇంకను 25 లక్షలు లోటు. ఆ లోటును ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీనోటుమీద తేవలెను. బ్యాంకు వడ్డీ ఏటికి ఐదున్నర లక్షలు, నోటు వడ్డీ ఆఱు లక్షలు. రెండును గలిసి నెలకు 96 వేలు. అసలులో ఒక్క కాసు తీఱకయే ఇది.

ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి కుర్రవాని నడిగితిని: "ఏ కారణముచేతనైనను రెండేండ్లకు నీవు హైదరాబాదు తిరిగి రావలసివచ్చినచో, ఇచ్చటి జీతముతో వీనిలో దేనిని కట్టగలవు?" వాడు చాలసేపు చూచి, "ముప్పయ్యేడు వేలు కష్టపడితే కట్టొచ్చండి" అనెను. రెండవ అంకెను గుఱించి నోరు మెదపలేదు.

నేను చెప్పదలచినది యంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. ఏ విశ్వవిద్యాలయము గొప్పదియని గాక, ఏ విశ్వవిద్యాలయమున చదివిన పిమ్మట మన బిడ్డ ఇష్టమైన నచ్చట నుండుటకును, వలదనుకొన్న నింటికి వచ్చుటకును స్వతంత్రుడుగా నుండునని విచారింపవలెను. తిరిగివచ్చు దారిని వడ్డీతో మూసివైచెడి చదువు ఎంత పేరుగలదైనను చెఱయే.

"అక్కడ ఉద్యోగము వచ్చిన ఏడాదిలో తీఱిపోవును" అని అందఱు అందురు. వచ్చినచో తీఱునేమో. రానిచో? చదువు ముగిసిన పిమ్మట ఓపీటీ యను అనుమతిమీద పండ్రెండు నెలలు పనిచేయవచ్చును. శాస్త్ర, సాంకేతిక విద్యలు చదివినవారికి మఱి ఇరువదినాలుగు నెలల పొడిగింపు గలదు. కాని తొలి పండ్రెండు నెలలలో మొత్తము 90 దినములకు మించి పని లేకుండ నున్నచో నియమభంగము. అటుపిమ్మట హెచ్-1బి. ఏటా 65 వేలు, అమెరికాలో ఎం.ఎస్. మొదలగు పట్టములు పొందినవారికి వేఱుగా 20 వేలు. ఈ యిరువది వేలలో చేరుటకు పట్టము ప్రభుత్వ విశ్వవిద్యాలయమునుండి గాని, లాభాపేక్ష లేని విశ్వవిద్యాలయమునుండి గాని, అదియు గుర్తింపుపొందిన దానినుండియే, వచ్చియుండవలెను. మన కుర్రవాని రెండు విశ్వవిద్యాలయములును ఈ నియమమున సరిసమానములు. లాటరీ డబ్బాకు కొలంబియా తెలియదు, పర్డ్యూ తెలియదు. 2025 డిసెంబరులో ఎక్కువ వేతనస్థాయి వారికి ఎంపికలో మొగ్గు చూపు నియమమును ప్రకటించిరి. అందునను విశ్వవిద్యాలయపు పేరునకు తావు లేదు.

పేరు ఎంత గొప్పదైనను విద్యార్థికి కవచము గాదని 2025 సంవత్సరమే చూపినది. ఆ యేప్రిలులో వేలకొలది పరదేశి విద్యార్థుల నమోదులను ప్రభుత్వమువారు రద్దు చేసిరి. న్యాయస్థానములలో దావాలు పడిన పిమ్మట తిరిగి నిలబెట్టిరి. మే నెలలో హార్వర్డు విశ్వవిద్యాలయమునకే పరదేశి విద్యార్థులను చేర్చుకొను అధికారమును తీసివేయుచున్నామనిరి. న్యాయస్థానము దానిని నిలిపివేసెను. సెప్టెంబరులో, దేశము వెలుపల నున్నవారి కొఱకు క్రొత్తగా వేయు హెచ్-1బి అర్జీలపై లక్ష డాలర్ల రుసుమని ప్రకటన వచ్చెను. ఇవన్నియు ఆ దేశపు ప్రభుత్వమునకును, ఆ దేశపు న్యాయస్థానములకును మధ్య నడచు వ్యవహారములు. మనకు సంబంధించిన ధర్మసూక్ష్మము మఱియొకటి గలదు. వీసా రద్దయినచో తాకట్టు రద్దు గాదు. బ్యాంకు కాగితములో తండ్రియు సహఋణగ్రహీతగా సంతకము చేయును; కొడుకు విమానము దిగినను, దిగకున్నను వాయిదా ఆయన తలుపు తట్టును. ఈ మాట చెప్పినపుడు ఆ రైతు మొదటిసారి నా వంక నిదానించి చూచెను.

అప్పుపడినవానికి తఱచుగా మంచిచెడ్డలు ఎన్నుకొను తీరుబాటు ఉండదు. వారమునకు ఇరువది గంటలు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే పనిచేయవలెనన్న నియమమును దాటి పెట్రోలుబంకులలో రాత్రులు నిలుచుట, లేని అనుభవమును ఉన్నట్లు వ్రాసియిచ్చు సంస్థలకు లొంగుట, చదువులేని చోట చేరి పనిచేయు అనుమతి కొనుక్కొనుట, ఇవియన్నియు ఆ తొందరలో పుట్టినవే. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అను ఊర ట్రై-వ్యాలీ యను పేర నొక విశ్వవిద్యాలయము వెలసెను. 2011 జనవరిలో దానిని మూయించిరి. విద్యార్థులలో అత్యధికులు మన ఆంధ్రప్రదేశమువారు. కొందఱి కాళ్లకు జాడ తెలుపు పట్టీలు తగిలించిరి. స్థాపించిన ఆమెకు 2014లో పదునాఱేండ్లకు పైబడిన శిక్ష పడినది. మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ అనునది అంతకన్న విచిత్రము. అది వలపన్నుటకై ప్రభుత్వాధికారులే తెఱచిన బూటకపు విశ్వవిద్యాలయము. తరగతులు లేవు, ఆచార్యులు లేరు. 2019 జనవరిలో గుట్టు బయటపడునప్పటికి చేరినవారు ఇంచుమించు 600 మంది, వారిలోను తెలుగువారే పెక్కుమంది. కొందఱు మోసపోయిరి, కొందఱు తెలిసియే చేరిరి. తెలిసి చేరినవారిని నేను సమర్థింపను. కాని వారి యిండ్లలో ఎన్ని నోట్లు ఎవరి పెట్టెలలో నున్నవో అడుగకుండ తీర్పు చెప్పుట నా వృత్తికి తగదు.

మన పూర్వులు కోరంగి రేవునుండి ఓడలెక్కి దేశాంతరములకు పోయిరి. మారిషసు, నేటాలు, ఫిజీ తోటలకు ఐదేండ్ల ఒప్పందముమీద పోయిన తెలుగు కూలీలును గలరు. ఆ పద్ధతిని మాన్పించుటకై దేశమంతయు ఘోషించెను. 1917లో ఓడలు నిలిచినవి. నేటి విద్యార్థిని వారితో పోల్చుట కొందఱికి కటువుగా దోచును. వీడు కోరి పోవుచున్నాడు, విద్యకు పోవుచున్నాడు, కొరడా లేదు. నిజము. అయినను ఐదేండ్లకు ఆ ఒప్పందము తీఱెడిది. డాలరు జీతముతో తప్ప తీఱని అప్పు పదియేండ్లు, పదునైదేండ్లు సాగును. ఆ తేడాను గూడ గుర్తుంచుకొనవలెను.

ఈ యెంపిక మనవారికి క్రొత్తది గాదు. జయప్రకాశ నారాయణుడు 1922లో అమెరికా చేరి బెర్క్‌లీ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. ద్రాక్షతోటలలో కూలిపని చేసెను, హోటళ్లలో పాత్రలు కడిగెను. బెర్క్‌లీలో రుసుము రెట్టింపు కాగా, పేరు పట్టుకొని వ్రేలాడక అయోవా విశ్వవిద్యాలయమునకు మరలెను. అటుపిమ్మట విస్కాన్సిన్, ఒహాయో. 1929లో స్వదేశమునకు వచ్చి ఉద్యమమున దిగెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డున చదువుచు ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరీ చేసిరి; 1930లో అచ్చటనే పీహెచ్.డి. పొందిరి. అంతటి శాస్త్రవేత్తకును ఆ మహావిద్యాపీఠము స్థిరమైన పదవి నీయలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థకు పోయిరి.

కొలంబియా పక్షమున చెప్పవలసిన పేరు మఱియొకటి గలదు, దానిని దాచుట అధర్మము. అంబేద్కరుగారు 1913లో కొలంబియాకే పోయిరి. సెలిగ్మన్, డ్యూయీ వంటి గురువులకడ చదివిరి. ఆ చదువు ఆయనను తీర్చిన తీరు చూచినవాడెవడును ఆయన చౌకచోటు చూచుకొనవలసినదని యనడు. అయితే ఆ ధనము తండ్రి యింటి తాకట్టు గాదు, బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థివేతనము. దానికిని కరారు గలదు: చదువు ముగిసిన పిమ్మట సంస్థానమున కొలువు చేయవలెను. ఆ కరారు చొప్పున 1917లో బరోడాకు పోయి అచ్చట ఆయన పడిన అవమానము జగద్విదితము. కొలంబియావంటి చోట విద్యార్థివేతనము దొరకినవాడు నిస్సంశయముగా పోవలెను. పీహెచ్.డి.కి పోవువానికి ఇంజనీరింగు, శాస్త్రశాఖలలో సాధారణముగా విశ్వవిద్యాలయమే రుసుము మాఫీ చేసి భృతి నిచ్చును. అట్టివాడు ఊరిపేరు, పట్టిక చూడక గురువును చూచుకొనిన చాలును. తండ్రి కోట్లకు అధిపతియైన నాకు చెప్పవలసిన మాట లేదు. న్యూయార్కున కొలువిచ్చు సంస్థలు చేరువ, పూర్వవిద్యార్థుల అండ గొప్పది. వీనిని నేను కాదనను. నా మాట యిల్లు కుదువబెట్టి ఎం.ఎస్.కు పోవువానికే.

వానికి రెండు మూడు పనులు చెప్పితిని. రెండు శాఖలకును జాబు వ్రాసి, నిరుడు ఎం.ఎస్. విద్యార్థులలో ఎందఱికి బోధనా సహాయకత్వమో, పరిశోధనా సహాయకత్వమో దొరకెనని అడుగవలెను. అది దొరకినచో పెక్కుచోట్ల రుసుము తగ్గును, లేదా మాఫీ యగును. దొరకునని ఎవరో ఫోనులో చెప్పుట వేఱు, శాఖవారు వ్రాసి యిచ్చుట వేఱు. ధనసహాయముతో గూడిన ప్రవేశమునకు ఏప్రిలు 15 లోపల ఒప్పుకొని తీఱవలెనని తొందరపెట్టరాదని అమెరికా పట్టభద్ర విద్యాలయముల మండలి తీర్మానము గలదు, దానిని ఒప్పుకొన్న విద్యాలయములు అనేకములు. ఇరువురి ఐ-20 పత్రములను తెప్పించుకొనవచ్చును గాని వీసా యొక్క విశ్వవిద్యాలయపు పేరనే ముద్రింపబడును. తీరా రేవున దిగునపుడు మఱియొకదాని పత్రము చూపుట చిక్కులకు మూలము. కనుక సంచి సర్దుకొన్న పిమ్మట గాక, కాన్సులేటు మెట్లెక్కక ముందే మనస్సు స్థిరపఱచుకొనవలెను.

మన పఠనమందిరములవారికిని ఒక మనవి. ప్రతి పట్టణమునను అమెరికా చదివి తిరిగివచ్చినవారు గలరు, వారి తండ్రులు గలరు. ఏటేట మాఘమాసమున నొక ఆదివారము వారిని పిలిచి, నిజముగా ఎంత ఖర్చయినది, ఎంత మిగిలియున్నది, ఎన్ని నెలలు పని లేకుండ నుండిరి యన్న లెక్కను చెప్పించి ఒక పుస్తకమున వ్రాయించి బల్లమీద నుంచినచో, కన్సల్టెన్సీ గోడమీది పటములకన్న నెక్కువ మేలు చేయును. సిగ్గుపడి పేరు చెప్పనివారు పేరు లేకుండనే చెప్పవచ్చును.

ఆ రైతు దస్తావేజులు మఱల లెక్కపెట్టుకొని సంచిలో బెట్టుకొనెను. ఇంటిపై హక్కు నిర్దుష్టముగానే యున్నది. లింకులో ఒక్క కాగితము లోపము లేదు. కుర్రవాడు నా బల్లమీదనే కూర్చుండి రెండు శాఖలకును జాబులు పంపెను. నేటికి ఒకచోటినుండి మాత్రమే ప్రత్యుత్తరము వచ్చినదని నిన్న ఫోను చేసి చెప్పినాడు. రెండవదానికై ఎదురు చూచుచున్నారు.